అడిగిచెప్తా శెట్టి గోల్ఫు

ఆదోని పత్తిబజారులో రాఘవేంద్రప్రసాదు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. అడిగిచెప్తా శెట్టి అంటే మాత్రం బండెద్దులు కూడా తమంతట తామే వచ్చి ఆ దుకాణం ముందు ఆగుతాయి. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. బీకాం పాసై దుకాణంలో కూర్చున్నది మొదలు, చెవుల పక్కన వెంట్రుకలు నెరిసేదాకా, పత్తిగింజల ధర అడిగినా, పశువులకేసే చెక్క మూటలు ఎప్పుడు దిగుతాయని అడిగినా, చివరికి వానొచ్చేట్టుందా అని అడిగినా అతని నోట ఒకటే మాట.

"మా నాయన్ని అడిగి చెప్తా."

నాయన పెద్దసుబ్బయ్యశెట్టి ఎక్కడో దూరంగా ఉండడు. వెనకనే, మెత్త మీద, దిండుకు ఆనుకొని కూర్చొని ఉంటాడు. కొడుకు కింద, కాటా పక్కన, చాప మీద. మెత్తకూ చాపకూ మధ్య ఎత్తు జానెడుంటుందేమో. ఆ జానెడు ఎక్కడం కన్నా రణమండల కొండ ఎక్కడం సులభం అని రాఘవ చాలాసార్లు అనుకున్నాడు. కొండెక్కేవాణ్ని చూసి ఎవరూ నవ్వరు మరి.

అలాంటివాడు ఆ ఏడు ఒక బంధువు గృహప్రవేశానికని బెంగళూరు పోయాడు. గృహప్రవేశంలో తిన్నది అరగడానికి బంధువులంతా కలిసి ఒక పెద్ద బజారు భవనానికి పోయారు. పై అంతస్తులో, చల్లటి గదిలో, నేలంతా పచ్చ తివాచీ. అక్కడక్కడా చెంబు పట్టేంత గుంతలు. మెడలో కార్డులు వేలాడేసుకున్న కంపెనీ ఉద్యోగులు, పెళ్లాం బిడ్డలతో సహా, కర్రలతో తెల్ల బంతుల్ని ఆ గుంతల్లోకి తోస్తున్నారు. దాన్ని గోల్ఫు అంటారట. అసలు గోల్ఫుకు ఊరంత మైదానం, రోజంత తీరిక కావాలి. ఇది తీరిక లేని వాళ్ల కోసం, నీడపట్టున, కుటుంబంతో ఆడుకునేదట.

రాఘవ కూడా కర్ర పట్టుకున్నాడు. కొట్టాడు. బంతి పోయి గుంతలో పడింది. కౌంటరులోని అమ్మాయి చప్పట్లు కొట్టి, "ఇంకో ఆట ఆడతారా సార్?" అని అడిగింది. రాఘవ అలవాటుగా నోరు తెరిచి, "మా నాయన్ని..." అన్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. మెత్త లేదు, దిండు లేదు, నాయన లేడు. ఆదోని ఎక్కడో రైలంత దూరంలో ఉంది.

"ఆడతా," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అతను సొంతంగా చేసిన నిర్ణయం అదొక్కటే. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చొని దాన్నే మళ్లీ మళ్లీ తలచుకున్నాడు. గుంతకల్లు వచ్చేసరికి ఆదోనిలో గోల్ఫు పెట్టడం ఖాయమైపోయింది.

ఆ సంగతి ముందు భార్య సుచరితకు చెప్పాడు. సుచరిత ప్రొద్దుటూరు పిల్ల. నవ్వకుండా కోసేస్తుంది.

"ఎవరికోసరం ఆ ఆట?"

"బిజీగా ఉండేవాళ్ల కోసరం."

"మన ఊళ్లో బిజీగా ఉండేది ఆడోళ్లు. మగోళ్లు టీకొట్టు కాడ కూచోని, సెల్లులో 'శానా బిజీగా ఉండా, మల్ల చేయి' అంటాంటారు. ఎవరికి పెడతాండావో తేల్చుకో."

"రెండు రకాలోళ్లూ వస్తారు. ఫ్యామిలీలకనే గదా పెడతాండేది."

"సరే, మామను అడిగినావా?"

అదే మిగిలింది. దుకాణం వెనక పాత శనక్కాయల గోడౌను ఖాళీగా ఉంది. వేరుశనగ పంట ఎండిపోయి, గోడౌనులో పిల్లులు సంసారం చేస్తున్నాయి. అది కావాలంటే నాయన ఒప్పుకోవాలి.

పెద్దసుబ్బయ్యశెట్టి అంతా విని, ముక్కుపొడి పీల్చి, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"బంతి గుంతలో పడితే ఏమొస్తాది?"

"ఏమీ రాదు నాయనా."

"మల్ల?"

"దాన్ని తీసి ఇంకో గుంతలో ఏస్తారు."

"దానికి దుడ్లు మనమియ్యల్లనా, వాళ్లిస్తారా?"

"వాళ్లే ఇస్తారు."

పెద్దసుబ్బయ్య ఇంకో చిటికెడు ముక్కుపొడి పీల్చాడు. "మన సీమలో దుడ్లు గుంతలో పోసేది బోర్లేసే రైతులొక్కరే అనుకుంటి. టౌనోళ్లకూ ఆ బుద్ధి పుట్టిందన్నమాట. సరే, పెట్టుకో. ఉగాదికి తెరువు. దసరా దాకా చూస్తా. జనమొస్తే నీ దారి నీది. రాకపోతే వచ్చి చాప మీద కూచో. మల్ల ఈ జన్మలో ఇంకో మాట ఎత్తగూడదు."

రాఘవ సరేనన్నాడు. అతనికి కావలసింది లాభం కాదు. ఒక్క దసరా దాకా ఎవరు ఏమడిగినా తనే జవాబు చెప్పాలి. అలా ఆరేడు నెలలు చెప్పగలిగితే బజారు ఆ పాడు పేరు మరిచిపోతుందని అతని ఆశ.

పని మొదలైంది. బేతంచెర్ల నుంచి లారీలో బండలొచ్చాయి. మేస్త్రీ ఓబన్నకు రాఘవ నేల మీద గీసి మరీ చెప్పాడు. నేల రసమట్టం పెట్టినట్టు సమంగా ఉండాలి, అటు ఇటు వెంట్రుకవాసి వాలినా బంతి దారి తప్పుతుంది. ఓబన్న తలూపాడు. తర్వాత మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

"సమంగా ఏస్తే కడిగిన నీళ్లు యాడికి పోవల్ల శెట్టీ?"

"కడిగేదే లేదు ఓబన్నా. మీద తివాచీ అంటిస్తాం."

"రేపు తివాచీ పీకేసినాంక?"

"ఎందుకు పీకేస్తాం?"

ఓబన్న గోడౌనును, శెట్టిని ఒకసారి జాలిగా చూసి పనిలోకి పోయాడు.

ఉగాది నాడు తెరిచారు. బయట పెద్ద బోర్డు: 'శ్రీ రాఘవేంద్ర బిజీ ఫ్యామిలీ గోల్ఫ్. తీరిక లేని వారికి ఏసీలో ఆట.' పెద్దసుబ్బయ్య కొబ్బరికాయ కొట్టాడు. బజారంతా వచ్చి వరుసగా నిలబడింది. రాఘవ కొత్త ప్యాంటూ చొక్కాలో కర్ర పట్టుకొని, బెంగళూరులో చూసినట్టు మోకాళ్లు కాస్త వంచి, మొదటి బంతి కొట్టాడు.

బంతి చక్కగా పోయింది. గుంత ఇంకో బెత్తెడు దూరం ఉందనగా కొంచెం మెల్లగయింది. ఏదో గుర్తొచ్చిన మనిషిలా ఆగింది. తర్వాత పక్కకు తిరిగి, ఎవరో పిలిచినట్టు, మెల్లమెల్లగా దొర్లుకుంటూ పోయి ఈశాన్యం మూలకు చేరింది.

రెండో బంతి కొట్టాడు. అదీ అంతే. ఆ మూల నుంచి కొట్టినా, ఈ మూల నుంచి కొట్టినా, బలంగా కొట్టినా, ముద్దుగా తోసినా, బంతులన్నీ కాసేపటికి ఈశాన్యంలో కోడిగుడ్ల మాదిరి గుంపుగా కూర్చున్నాయి. బజారు జనం అదే ఆటనుకొని చప్పట్లు కొట్టారు.

జనం పోయాక రాఘవ ఓబన్నను పట్టుకున్నాడు. ఓబన్న ఏమీ దాచలేదు.

"పెద్దశెట్టి చెప్పినాడు. నేల ఈశాన్యానికి వాలల్ల అన్యాడు. వాలిచ్చినా."

రాఘవ నాయన దగ్గరికి పోయాడు. ఆయనా ఏమీ దాచలేదు.

"నీకు గోడౌనిచ్చినా గానీ ఈశాన్యం ఇయ్యలేదురా. ఈశాన్యం మెరకైతే వంశం నిలబడదు. నువ్వొక్కడే కొడుకువి. నీ ఆట కోసరం నిన్ను పోగొట్టుకుంటానా?"

రాఘవ మళ్లీ ఓబన్న దగ్గరికే పోయి, బండలు లేపి సమంగా వేయమన్నాడు. ఓబన్న తలగుడ్డ విప్పి దులుపుకొని, ఏ దురుద్దేశమూ లేకుండానే అన్నాడు.

"పెద్దశెట్టినడిగి చెప్తా."

ఎండాకాలం వచ్చింది. ఆదోని ఎండలో కాకులు కూడా మిల్లు చూరుల కింద నోళ్లు తెరుచుకొని కూర్చుంటాయి. ఊళ్లో కరెంటు పోయినా ఆగని జనరేటరూ, దాంతో నడిచే ఏసీ ఉన్నది ఒక్క గోల్ఫులోనే. జనం రాసాగారు. బోర్డు మీద ఫ్యామిలీ అని రాసి ఉంది కాబట్టి ఫ్యామిలీలతోనే వచ్చారు. చిత్రాన్నం డబ్బాలు, బొరుగుల సంచులు, మరచెంబులు, చంటిబిడ్డలకు ఉయ్యాల కట్టుకునే చీరలు తెచ్చుకున్నారు. మూడో గుంత కాడ ఒక ముసలమ్మ తెల్లగడ్డలు ఒలుచుకుంటూ కూర్చునేది, గుంత పొట్టు వేసుకోవడానికి బాగుందని. మార్కెట్టు యార్డులో పొద్దున వేలంపాటలు ముగించుకున్న కమీషను వ్యాపారులు మధ్యాహ్నం వచ్చి, చెప్పులు తల కింద పెట్టుకొని, గురకలు పెట్టేవారు. వాళ్లు నిజంగా తీరిక లేనివాళ్లే. అందుకే దొరికిన కాస్త తీరికను నిద్రకు వాడుకునేవారు.

రాఘవ 'ఇక్కడ నిద్రపోరాదు' అని ఒక అట్ట రాసి తగిలించాడు. దాని నీడలో ఇద్దరు పడుకున్నారు.

"ఆట ఆడరా?" అని ఒకాయన్ను లేపి అడిగితే, ఆయన ఒక కన్ను తెరిచి, "ఆ మూలకు పోయేదే గదప్పా బంతి? కొట్టినట్టే అనుకో," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇలా గడుస్తుండగా మేనత్త సుందరలక్ష్మి ఒకరోజు గొడుగు మూసుకుంటూ లోపలికి వచ్చింది. ఆమె సంబంధాలు కుదిర్చే మనిషి. వృత్తి కాదు, ఆపుకోలేని అలవాటు. బావగారి మనవరాలు పద్మప్రియకు ఎన్ని సంబంధాలు తెచ్చినా కుదరడం లేదు. పిల్లకేమీ లోటు లేదు. లోటంతా వీధిలో ఉంది. ఇంటి ముందు కారాగితే చాలు, అరుగుల మీది వాళ్లంతా లేచి నిలబడతారు. కారు పోయిన మరుక్షణం, "ఏమమ్మా, ఈసారన్నా కుదిరిందా?" అని వాకిట్లోకే వచ్చి పరామర్శిస్తారు. కుదరని సంబంధాలన్నీ వీధి మరిచిపోకుండా గుర్తు పెట్టుకుంది. ఆ లెక్క విని కొత్తవాళ్లు జంకుతున్నారు.

"రేయ్ రాఘవా, ఈడికి ఎవరొచ్చినా ఆడేదానికొచ్చినారని గదా అనుకుంటారు?"

"పండుకునేదానికొచ్చినారని అనుకుంటారత్తా."

"ఏదో ఒకటి. పెళ్లిచూపులకొచ్చినారని ఐతే అనుకోరు గదా? ఐతవారం గోల్ఫు నాకియ్యి. పిలగాడు ప్రదీప్‌కుమారని, రాయచూరు కాడ బండల యాపారం. శానా బిజీ మనిషంట. రైలుకూ రైలుకూ మధ్యన దిగి చూసిపోతాడంట."

రాఘవకు ప్రాణం లేచి వచ్చింది. తీరిక లేని మనిషి! కుటుంబంతో సహా! తను బోర్డు మీద రాసిన మనిషి ఇన్నాళ్లకు కాళ్లతో నడిచి వస్తున్నాడు. "ఎవరినీ అడిగే పనిలేదత్తా. తీసుకో," అన్నాడు గట్టిగా.

ఆదివారం రెండు కుటుంబాలూ వచ్చాయి. పిల్ల కాఫీ పళ్లెం పట్టుకొని తల వంచుకొని రావాల్సిన పని లేకపోయింది. పిలగాడు సోఫాలో బిగుసుకొని కూర్చోవాల్సిన పనీ లేకపోయింది. ఇద్దరి చేతికీ చెరో కర్ర ఇచ్చారు. పద్మప్రియ కొట్టిన బంతి కాసేపు గుంత వైపు పోయి, అలవాటు ప్రకారం తిరిగి, ఈశాన్యం చేరింది. ప్రదీప్‌కుమార్ అవతలి గోడ నుంచి కొట్టాడు. ఆ బంతి కూడా మెల్లగా తిరిగి, హాలంతా దాటుకొని పోయి, పిల్ల బంతిని టక్కుమని తాకి, పక్కనే కూర్చుంది.

పిలగాని తల్లి రెండు చేతులూ జోడించింది.

"ఈశాన్యమమ్మా! దేవుని మూల! ఇంగ మనం కాదనేదేముండాది?"

ప్రదీప్‌కుమార్ తర్వాతి రైలు అందుకునేలోపల తాంబూలాలు మార్చుకున్నారు.

ఆ మాట పత్తిబజారు దాటి, ఎమ్మిగనూరు, గుంతకల్లు, పత్తికొండ దాకా పాకింది. పెళ్లీడు పిల్లలున్న ఇండ్లన్నీ గోల్ఫుకు కదిలాయి. కుదరకపోతే ఆడుకొని వచ్చామనవచ్చు. కుదిరితే దైవ నిర్ణయం. కుదరకపోవడం అరుదు, ఎందుకంటే ఓబన్న పెట్టిన వాలులో మోసం లేదు. ఎవరు కొట్టినా బంతులు రెండూ అక్కడికే పోయి కలుస్తాయి. ఊళ్లో ఆడపిల్ల కొత్త చీర కట్టుకొని కనబడితే, "ఏమ్మే, గోల్ఫుకు పోతాండావా?" అని అడగడం, ఆ పిల్ల సిగ్గుపడి లోపలికి పరిగెత్తడం మామూలైపోయింది.

జనమొచ్చారు. పందెం గెలిచినట్టే. రాఘవ గుండెల మీద చేయి వేసుకొని నిద్రపోవాల్సింది. కానీ జనం తనను మెచ్చుకోవడం లేదు. "పెద్దశెట్టి ఈశాన్యం మహిమ" అంటున్నారు. పెద్దసుబ్బయ్య దుకాణం గుమాస్తాకు అప్పగించి, మెత్తా దిండూ తెప్పించి గోల్ఫులో వేయించుకున్నాడు. ఈశాన్యం మూలలో వాసవీమాత పటం, దాని ముందు బంతులు చేరడానికి ఇత్తడి పళ్లెం వెలిశాయి. ఏ కుటుంబానికి ఏ వేళ ఇవ్వాలో వర్జ్యమూ రాహుకాలమూ చూసి ఆయనే చెప్పేవాడు.

ఒకరోజు ఎవరో ఫోను చేసి, "శెట్టీ, గురువారం సాయంత్రం గోల్ఫు ఖాళీగుంటాదా?" అని అడిగారు.

"మా నాయన్ని అడిగి చెప్తా," అన్నాడు రాఘవ.

అన్న తర్వాత ఫోను చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. అవతలి మనిషి నవ్వడం వినబడింది. చల్లటి ఏసీలో అతనికి చెమట పట్టింది.

ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో పెళ్లిమాట ఎవరూ ఎత్తరు. గోల్ఫు ఖాళీ. తెలిసినవాళ్లంతా శ్రీశైలం పోతుంటే పెద్దసుబ్బయ్య కూడా బయలుదేరాడు. మల్లన్న దర్శనం చేసుకొని, మహానందీ అహోబిలమూ చూసుకొని, శ్రావణం పుట్టాక వస్తానన్నాడు. బస్సు ఊరు దాటిందో లేదో రాఘవ ఓబన్నకు కబురు పెట్టాడు.

"నేల మట్టం చేయల్ల ఓబన్నా."

"పెద్దశెట్టినడిగినావా?"

లేదంటే ఓబన్న తాపీ ముట్టుకోడు.

"అడిగినా."

"ఏమన్యాడు?"

"సరే అన్యాడు."

నాయన్ని అడగకుండా బతకడం కోసం నాయన్ని అడిగానని అబద్ధమాడాల్సి వచ్చింది. ఇది సుచరితకు చెబితే ఆమె ఈసారి నిజంగానే నవ్వింది. "పోనీలే, ఆయన్ని అడక్కుండానే ఆయన పేరు వాడుకునే కాడికొచ్చినావు. కొడుకన్నాక ఆ మాత్రం ఎదగల్ల," అంది.

తివాచీ పెరికారు. ఈశాన్యం వైపు బండలు లేపి, కింద ఇసుకా సిమెంటూ నింపి, రసమట్టం పెట్టి చూసుకుంటూ మళ్లీ పరిచారు. పటాన్ని జరిపి గోడకు పైన తగిలించారు. తివాచీ అంటించిన రోజు రాఘవ తలుపులు వేసుకొని ఒక్కడే ఆడాడు. కొట్టిన బంతి కొట్టిన దారినే పోయింది. గుంతలో పడింది. అతను బంతి తీసి, చొక్కాకు తుడిచి, ముద్దు పెట్టుకోబోయి, ఎవరన్నా చూస్తారని మానుకున్నాడు.

శ్రావణం మొదటి శుక్రవారం ఎమ్మిగనూరు పిల్ల లక్ష్మీదుర్గకు పెళ్లిచూపులు. సుందరలక్ష్మి అటు ఇటు పెద్దలను కూర్చోబెట్టి, "చూస్తాండండి, రెండు బంతులూ యాడ కలుస్తాయో," అంది. లక్ష్మీదుర్గ కర్ర పట్టుకొని కొట్టింది. బంతి సూటిగా పోయి గుంతలో దబ్బున పడి మాయమైంది.

ఆ గోల్ఫులో బంతి గుంతలో పడడం అంతవరకూ రాఘవ తప్ప ఎవరూ చూడలేదు.

"పిల్ల బంతి గుంతలో పడిందే," అని పిలగాని మేనమామ గొణిగాడు.

సుందరలక్ష్మి నవ్వు తెచ్చుకొని, "నువ్వు కొట్టు నాయనా," అంది పిలగానితో. ఆ పిలగాడు కంగారులో అడ్డంగా బాదాడు. బంతి గోడకు తగిలి, వెనక్కొచ్చి, నైరుతి మూలలో పోయి నిలిచింది. రాక్షసుల మూల. పిలగాని తల్లి కాఫీ గ్లాసు తాగకుండానే కింద పెట్టి లేచింది. ఆమె వెనక అందరూ లేచారు. లక్ష్మీదుర్గ ఒక్కతే కర్ర వదలకుండా, "ఇంకోసారి కొడదునా?" అని రాఘవను అడిగింది. వాళ్లమ్మ వీపున ఒకటిచ్చి లాక్కుపోయింది.

సుందరలక్ష్మి మేనల్లుడి మీదికి వచ్చింది.

"నేలనేం చేసినావురా?"

"మట్టం చేయించినా."

"ఎవరు చేయమన్యారు?"

"ఎవరూ అన్లేదు. నేనే చేయించినా."

"నువ్వేనా?" అంది ఆమె. కోపం కూడా మరిచిపోయింది. "నువ్వే? ఎవర్నీ అడక్కుండా?"

ఆ ఒక్క మాట కోసం రాఘవ ఎన్నాళ్లుగానో కాచుకొని ఉన్నాడు. అది ఇలా వస్తుందనుకోలేదు. సాయంత్రానికి శ్రావణంలో కుదుర్చుకున్న పెళ్లిచూపులన్నీ ఒక్కొక్కటే ఫోనులో రద్దయ్యాయి. అందరూ తమకు తీరిక లేదన్నారు.

మర్నాడు పెద్దసుబ్బయ్య బస్సు దిగాడు. బస్టాండులోనే చెల్లెలు సంగతంతా చెప్పేసింది. ఇంటికి కూడా పోకుండా, ప్రసాదం సంచి చంకన పెట్టుకొని నేరుగా గోల్ఫుకు వచ్చాడు. రాఘవ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆయన కొడుకును చూడలేదు. ఈశాన్యం మూలకు పోయి ఒక బంతిని నేల మీద పెట్టాడు. అది కదల్లేదు. ఇంకోచోట పెట్టాడు. అక్కడా కదల్లేదు.

"కర్ర ఇట్లియ్యి."

రాఘవ ఇచ్చాడు, వీపు మీద పడుతుందేమో అనుకుంటూనే. పెద్దసుబ్బయ్య పంచె ఎగగట్టి, మోకాళ్లు వంచి, కొట్టాడు. బంతి గీత గీసినట్టు పోయి గుంతలో పడింది. ఆయన చటుక్కున చుట్టూ చూశాడు, ఎవరన్నా చూశారా అని. ఎవరూ లేరు, కొడుకు తప్ప. ఇంకోటి కొట్టాడు. అది గుంత పక్క నుంచి పోయింది.

"ఇది నేల తప్పేనా?"

"కాదు నాయనా. నీదే."

మీసం కింద ఆయన పెదవులు కదిలాయి. నష్టమొస్తే వాస్తును అన్నాడు, వాన రాకపోతే నక్షత్రాన్ని అన్నాడు, సరుకు పుచ్చిపోతే తిథిని అన్నాడు గానీ, డెబ్బై ఏళ్లలో తప్పు నీదేనని ఎవరూ ఆయనతో అనలేదు. ఆయన బంతిని మళ్లీ మొదటికి తెచ్చుకున్నాడు.

"ఇంకోతూరి కొడతా. పక్కకు జరుగు."

"మరి ఈశాన్యం, నాయనా?"

"ఆ మూల ఒక గుండిగె పెట్టి నిండా నీళ్లు పోయించు. సరిపోతాది. దేవుడు మనకు తెలియనోడా ఏంది?"

దసరా వచ్చేసరికి గోల్ఫులోకి డబ్బిచ్చి అడుగు పెట్టేవాడు లేడు. చలువ అవసరం తీరిపోయింది, మహిమ చెడిపోయింది. పందెం ఓడాడు గనక రాఘవ విజయదశమి మర్నాడు ఎవరూ చెప్పకుండానే దుకాణానికి పోయి, చాప పరుచుకొని, కాటా పక్కన కూర్చున్నాడు. వెనక మెత్త ఖాళీగా ఉంది. పెద్దసుబ్బయ్య కాఫీ తాగి గోల్ఫుకు పోతే భోజనానికే వస్తున్నాడు. భోంచేసి మళ్లీ పోతున్నాడు.

పత్తికొండ వైపు నుంచి గిడ్డయ్య అనే రైతు వచ్చాడు. ఎద్దులకు పత్తిగింజలు కావాలి.

"ఏం ధరప్పా శెట్టీ?"

"మా నాయన్ని అడిగి చెప్తా," అని లేచాడు రాఘవ.

గోల్ఫులో పెద్దసుబ్బయ్య ఆరో గుంత ముందు వంగి ఉన్నాడు. పక్కన సుచరిత, కొంగు నడుముకు చెక్కుకొని, కర్ర భుజాన వేసుకొని, తన వంతు కోసం చూస్తోంది. సుందరలక్ష్మి కుర్చీలో కూర్చొని ఎవరు గెలుస్తున్నారో తీర్పు చెబుతోంది. నిన్న కోడలు గెలిచిందట, మామ ఒప్పుకోవడం లేదట.

"నాయనా, గిడ్డయ్యొచ్చినాడు. గింజలు ఏం ధర చెప్పల్ల?"

"శ్‌," అన్నాడు పెద్దసుబ్బయ్య తల ఎత్తకుండా. "బిజీగా ఉండా. నువ్వే ఏదో ఒకటి చెప్పుకోపో."

సరిగ్గా విన్నాడో లేదో రాఘవకు అనుమానమొచ్చింది. "నేనే చెప్పల్లనా?"

"నీకు తెలీదా ఏంది? ఇరవై ఏండ్లు వింటాండావు గదా. పో పో, ఇంగ నన్నడగొద్దు."

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. రాఘవ నడుస్తూ పోయాడో తేలుతూ పోయాడో అతనికే తెలియదు. దుకాణంలోకి వచ్చి, చాపను కాలితో పక్కకు తోసి, మెత్త ఎక్కి కూర్చున్నాడు. దిండు వెచ్చగా లేదు గానీ మెత్తగా ఉంది. గొంతు సవరించుకొని ధర చెప్పాడు. న్యాయమైన ధర. నాయన చెప్పేదాని కన్నా ఒకింత తక్కువే.

గిడ్డయ్య అతన్ని కిందికీ పైకీ చూశాడు. బీడీ ఆర్పి చెవిలో దోపుకున్నాడు.

"బాగానే ఉండాది గానీ... మీ నాయన్ని ఒక మాట అడిగి చెప్పు శెట్టీ."

"నేనే చెప్తాండా గదా గిడ్డయ్యా."

"చెప్తాండావులే. ఐనా ఒక మాట అడుగు. నీకేం పోతాది?"

"నువ్వే పోయి అడుక్కోపో. గోల్ఫులో ఉండాడు," అన్నాడు రాఘవ విసుగ్గా.

గిడ్డయ్య పోయాడు. ఎంతసేపటికీ రాలేదు. ఈలోగా చెక్క కోసం ఇంకొకాయన వచ్చి, ధర విని, ఆయనా అదే మాట అని, ఆయనా పోయాడు. ఆయనా రాలేదు. సంచి మరిచిపోయాడని పిలవడానికి పోయిన గుమాస్తా కూడా అటే పోయి ఆగిపోయాడు. గోడ అవతల నుంచి బంతి గుంతలో పడిన చప్పుడు, వెంటనే, "నా ఎద్దులాన, నేనే ఏసినా!" అని గిడ్డయ్య కేక, సుందరలక్ష్మి తీర్పు, నలుగురైదుగురి నవ్వులు వినబడ్డాయి. బోర్డు మీద రాసినట్టే, తీరిక లేని జనమంతా కుటుంబంతో సహా అక్కడ గోల్ఫు ఆడుతున్నారు. టికెట్టు అడిగేవాడే లేడు.

రాఘవ మెత్త మీద ఒక్కడే కూర్చున్నాడు. కాటా తూచాలి, మూటలు లెక్క చూడాలి, ఫోను మోగుతోంది, ఇంకో బండి వచ్చి వాకిట్లో ఆగింది. అతనికి కూడా పోయి ఒక్క బంతి కొట్టి రావాలని ఉంది. తీరిక లేదు.